ఐసు పెట్టెలో వచ్చిన ముక్క

మా పాత ల్యాబులో కొత్తగా చేరిన పిల్లలు ఈ మధ్య ఫోన్ చేసి, "మేడమ్, మీరు మర్చిపోలేని కేసు ఒకటి మాకోసం రాసిపెట్టండి" అన్నారు. మర్చిపోలేనివి ఎవరైనా చెబుతారు, మర్చిపోయినవి అడగండర్రా, బోలెడున్నాయి అన్నాను. నవ్వారు గానీ వదల్లేదు. సరే, ఇది రాస్తున్నాను.

తెలియనివాళ్ళ కోసం ముందు ఒక మాట. నేను పాథాలజీ డాక్టరుని. ఎవరి ఒంట్లోంచో తీసిన ముక్క చిన్న సీసాలో మా దగ్గరికి వస్తుంది. దాన్ని పలచగా కోయించి, రంగు వేయించి, మైక్రోస్కోపు కింద పెట్టి, అది కాన్సరో కాదో చెప్పాలి. మనిషి మొహం చూడకుండా మనిషి రోగం చెప్పే పని. సర్వీసంతా ఇదే చేశాను. అయినా మా బంధువుల లెక్కలో నేను రక్తపరీక్షలు చేసే ఆవిడనే. ఒకసారి ఒక పెళ్ళిలో ఒకావిడ నా పక్కన కూర్చుని, చెయ్యి చాపి, షుగరు ఎంత ఉందో పట్టుకుని చూసి చెప్పమంది. లడ్డూ తినకముందు ఎంతుందో చెప్పనా, తిన్నాక ఎంతుందో చెప్పనా అన్నాను. ఆవిడ ఇప్పటికీ నాతో మాట్లాడదు.

మాది గుడివాడ, ల్యాబు బందరులో. బోర్డుల మీద మచిలీపట్నం అని రాసుకుంటాం గానీ మా నోటికి బందరే. పొద్దున రైలెక్కి వెళ్ళేదాన్ని, సాయంత్రం రైలుకి తిరిగొచ్చేదాన్ని. మా నాన్న బడిపంతులు, తాతయ్య బడిపంతులు. తప్పు కనబడితే దిద్దకుండా ఊరుకోలేని జబ్బు మా ఇంట్లో అందరికీ ఉంది. నాకు నోరెక్కువని ల్యాబులో అనుకునేవాళ్ళు. నా ముందే అనేవాళ్ళు కూడా.

ఆ నోటిని భరించినవాళ్ళలో మొదటి మనిషి మా సీనియర్ టెక్నీషియన్. నాకంటే కాస్త చిన్నది, నాకంటే చాలా ఓపిక గలది. ఆవిడ కోసి ఇచ్చిన స్లైడు మీద చిన్న ముడత కూడా ఉండేది కాదు. రూలు విషయంలో మాత్రం కొండని కదపొచ్చు గానీ ఆవిడని కదపలేం. ఒంట్లోంచి తీసిన ముక్కని వెంటనే ఫార్మలిన్ అనే మందునీళ్ళలో వెయ్యాలి. అది ముక్కని కుళ్ళనివ్వదు, ఉన్నది ఉన్నట్టు బిగించేస్తుంది. ఘాటు వాసన, మూత తీస్తే కళ్ళు మండుతాయి. ఫార్మలిన్ లేకుండా వచ్చిన ముక్క తీసుకోబడదని ఆవిడే స్వయంగా పెద్ద అక్షరాలతో రాసి కౌంటరు మీద అంటించింది.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆ కౌంటరు దగ్గర గొడవ వినబడి బయటికొచ్చాను. ఒకతను తెల్లటి థర్మకోల్ పెట్టె భుజాన పెట్టుకుని నిలబడ్డాడు. పెట్టె అడుగునుంచి నీళ్ళు కారి మా గచ్చు మీద మడుగు కట్టాయి.

"చేపలు ఇక్కడ కాదు బాబూ, మార్కెట్టుకి వెళ్ళు" అంటోంది టెక్నీషియన్.

"చేపలు కాదండీ. ఇది మా అక్కదండీ" అన్నాడతను.

అతను పెట్టె దించి, మూత తీసి, ఐసు ముక్కల్లో చెయ్యి పెట్టి, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన చిన్న సీసా పైకి తీశాడు. సీసాలో చుక్క ఫార్మలిన్ లేదు. అడుగున బొటనవేలంత పచ్చి కాలేయం ముక్క. దాంతోపాటు ఒక కాగితం. అవనిగడ్డలో ఒక నర్సింగ్ హోం డాక్టరు పంపించారు.

సంగతి కాగితంలో చూస్తే తెలిసింది. ఇతని అక్కకి పిత్తాశయంలో రాళ్ళున్నాయి. ఆ రోజు పొద్దున్నే ఆపరేషన్ చేసి తీసేశారు. తీస్తుంటే పక్కనే కాలేయం అంచున పసుపుపచ్చగా చిన్న ఉబ్బు కనబడింది. ముందే స్కానులో అక్కడ 'కొవ్వు మచ్చ' అని రాశారు. ఎందుకైనా మంచిదని డాక్టరు దాని అంచునుంచి ఒక ముక్క తీసి మాకు పంపారు. కింద ఇంకో మాట కూడా ఉంది. ఆవిడకి హెపటైటిస్ బి, అంటే కాలేయాన్ని పట్టే వైరస్, ఉన్నట్టు ఆపరేషన్‌కి ముందు చేసిన పరీక్షలో తేలిందట.

"ఫార్మలిన్ ఏది? డాక్టరు గారు వేసే ఇచ్చుంటారు కదా?" అని టెక్నీషియన్ అడిగింది.

"పారబోశానండీ."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏమన్నానో అన్నీ రాయను, పిల్లలు చదివేది. చెప్పిన పని చెప్పినట్టు చెయ్యడానికి నీకేం నొప్పి అన్నది అందులో కాస్త మర్యాదగా ఉన్న వాక్యం. అతను తల దించుకుని అంతా విన్నాడు. అయ్యాక నెమ్మదిగా చెప్పాడు.

"నాగాయలంక అవతల మాదండీ. నేను చేపలు, రొయ్యలు ఐసేసి తోలతానండీ. అక్క అవనిగడ్డ మార్కెట్లో అమ్ముద్ది. బస్సులో ఈ సీసా మూత కాస్త వదులై వాసనొచ్చిందండీ. ఈ వాసన నాకు తెలుసండీ. చేప పాడైనా కనబడకుండా కొంతమంది కొడతారే, ఆ మందండీ ఇది. ఆ మందు కొట్టిన సరుకు మా అక్క చేత్తో ముట్టదు. ఎవడన్నా తెస్తే మార్కెట్టు మార్కెట్టంతా వినబడేలా తిడద్ది. అలాంటిది అక్క ఒంట్లో ముక్కనే దాంట్లో వేశారని కడుపు మండిందండీ. డాక్టరు గారేమో చెడిపోకుండా తీసుకెళ్ళు, ఇది పోతే మళ్ళీ దొరకదు అన్నారు. అందుకని చల్లపల్లిలో దిగి, తెలిసినోళ్ళ దగ్గర ఐసు తీసుకుని, ఆ నీళ్ళు పారబోసి ఇట్టా తెచ్చానండీ."

నిజమే. చేపలకి ఫార్మలిన్ కొడుతున్నారని మధ్యలో పెద్ద అలజడి అయింది. వ్యాపారం నిజాయితీగా చేసేవాళ్ళ మీద కూడా ఆ అనుమానం పడింది. ఆ వాసన వస్తే చేపలవాళ్ళకి మోసం గుర్తొస్తుంది, మాకు పని గుర్తొస్తుంది. అతను చేసిన తప్పు ఇంకెవరూ చెయ్యలేరు. నాకు నవ్వొచ్చింది గానీ కోపం పూర్తిగా దిగలేదు కాబట్టి నవ్వలేదు.

"రిజెక్ట్ చేద్దాం మేడమ్" అంది టెక్నీషియన్. "పచ్చి ముక్క. పైగా హెపటైటిస్ బి. ఇంకోటి పంపమందాం."

అతను ఆ ఇంగ్లీషు మాట అర్థం చేసుకున్నాడు. "మళ్ళీ కోయించుకోదండీ మా అక్క. ఈ ఆపరేషన్‌కే ఎన్నాళ్ళో బతిమాలితే ఒప్పుకుంది. మా అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కేనండీ. ఈ ముక్క పనికిరాదంటే ఇక దీని సంగతి ఎప్పటికీ తెలవదండీ" అన్నాడు. తిట్టినప్పుడు దించిన తల ఇప్పుడెత్తి నా మొహంలోకి చూశాడు.

నేను చేతులకి రెండేసి గ్లోవ్స్ తొడుక్కుని సీసా తీసుకున్నాను. హెపటైటిస్ టీకా మా అందరికీ ఉంది, అయినా భయం భయమే. ముక్కని పళ్ళెంలో పెట్టి చూశాను. ఒక పక్క మామూలు కాలేయం గోధుమరంగులో నిగనిగలాడుతోంది. ఇంకో పక్క పసుపుపచ్చ. చెడు వాసన లేదు, మెత్తబడలేదు. ఆపరేషన్ అయి ఎంతోసేపు కాలేదు, చల్లపల్లి నుంచి ఐసులోనే ఉంది. ఇంత తాజా కాలేయం ముక్క మా ల్యాబులో నేను ఎన్నడూ చూడలేదు.

అప్పుడు ఆలోచన వచ్చింది.

పిల్లలూ, ఇక్కడ కొంచెం పాఠం చెప్పక తప్పదు. మామూలు పద్ధతిలో మనం ముక్కని ఫార్మలిన్ తరవాత ఆల్కహాల్లో, కొవ్వుని కరిగించే జైలీన్ అనే మందులో ముంచి, మైనం ఎక్కించి, ఆపైన కోస్తాం. ఆ దారిలో కణాల్లో ఉన్న కొవ్వంతా కరిగి కొట్టుకుపోతుంది. స్లైడు మీద కొవ్వు ఉండదు, కొవ్వు ఉన్న చోట ఖాళీ గుంటలు ఉంటాయి. ఆ గుంటలు చూసి ఇక్కడ కొవ్వుండేదని రాస్తాం. పెద్ద బొట్టయితే పెద్ద గుంట, తెలిసిపోతుంది. బొట్లు మరీ సన్నగా ఉంటే కణం కాస్త పాలిపోయినట్టు కనబడుతుంది, అంతే. కొవ్వుని కొవ్వుగా చూడాలంటే ముక్కని గడ్డకట్టించి, అలాగే కోసి, కొవ్వుని పట్టుకునే ఎర్ర రంగు వెయ్యాలి. ఫార్మలిన్ కొవ్వుని కరిగించదు, కరిగించేది ఆ తరవాత మనం చేసే పనులు. కాబట్టి ఈ ముక్క ఫార్మలిన్‌లో వచ్చినా ఆ పని చెయ్యొచ్చు. కానీ చేసేవాళ్ళం కాదు. మిగతా ముక్కలతో కలిపి మిషన్లో పడేసేవాళ్ళం. ఇది ఐసులో వచ్చింది కాబట్టి ఆగి చూశాం.

గడ్డకట్టించి కోసే మిషను మా దగ్గర ఒకటి ఉంది. మా ల్యాబు యజమాని ఎక్కడో చవగ్గా వస్తోందని తెచ్చి ఒక మూల పెట్టారు. వచ్చినవాళ్ళకి చూపించడానికి తప్ప దాని అవసరం ఎప్పుడో గానీ పడేది కాదు. దాన్ని అందరూ ఐస్‌ఫ్రూట్ బండి అనేవాళ్ళు. టెక్నీషియన్‌కి అదంటే గిట్టదు. స్విచ్ వేస్తే కావలసినంత చల్లబడటానికి గంటలు పడుతుంది, చల్లబడ్డాక కూడా చెప్పిన మాట వినదు.

"దాన్ని ఆన్ చెయ్యండి" అన్నాను.

"మేడమ్, రూలు..."

"రూలు నా మీద రాసుకోండి. ఆ పసుపుపచ్చ దేని వల్ల వచ్చిందో నాకు చూడాలనుంది."

ముక్కని రెండుగా కోశాం, రెంటిలోనూ గోధుమరంగూ పసుపూ రెండూ ఉండేలా. ఒకటి ఫార్మలిన్‌లో వేశాం, మామూలు దారిలో వెళ్ళడానికి. రెండోది మిషను చల్లబడేదాకా ఉంచడానికి మా ఫ్రిజ్ చూస్తే, కరెంటు పోయొచ్చి గోరువెచ్చగా ఉంది. అతన్ని పిలిచాను. "బాబూ, నీ ఐసు ఇంకా ఉందా?"

"తగ్గిందండీ. గిలకలదిండి వెళ్ళి తెస్తానండీ" అని పరుగున వెళ్ళాడు. హార్బరు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో అతనికి అందరూ తెలుసట. ఆటోలో ఐసు బస్తా వేసుకొచ్చాడు. ఆ సాయంత్రం దాకా మా వరండాలో పెట్టె పక్కన కూర్చుని, కరిగిన నీళ్ళు వంపుతూ కొత్త ఐసు పోస్తూ ఉన్నాడు. తన మీద ఎందుకు అరిచామో, ఇప్పుడు మళ్ళీ అదే పెట్టె ఎందుకు కావాల్సొచ్చిందో అడగలేదు. టెక్నీషియన్ అతనికి టీ ఇప్పించింది. కౌంటరు మీద కాగితం మాత్రం తియ్యలేదు.

మిషను సిద్ధమయ్యాక మొదట కోసినవన్నీ చుట్టుకుపోయాయి. తరవాతవి చిరిగాయి. కొవ్వున్న ముక్క గడ్డకట్టినా మెత్తగానే ఉంటుంది, కత్తికి లొంగదు. టెక్నీషియన్ ఆ మిషను చలిపెట్టెలో చేతులు పెట్టి, పెదవి కొరుక్కుంటూ, మాట్లాడకుండా కోస్తూనే ఉంది. నేను సలహాలివ్వబోతే ఒక్క చూపు చూసింది. నోరు మూసుకుని పక్కకెళ్ళాను. చివరికి ఒక స్లైడు మీద ముక్క చక్కగా పరుచుకుంది. ఎర్ర రంగు వేసి, కడిగి, నా చేతికిచ్చింది. నా రైలు అప్పటికే వెళ్ళిపోయింది.

మైక్రోస్కోపులో చూశాను. ఒక పక్క కాలేయం శుభ్రంగా ఉంది, ఎర్ర చుక్క లేదు. ఇంకో పక్క, పసుపుగా కనబడిన వైపు, కణం కణానికీ సన్నటి ఎర్ర బొట్లు. రవ్వ చల్లినట్టు. కొవ్వే. స్కాను చెప్పింది అబద్ధం కాదు.

కొవ్వు మచ్చ అనే మాట అంత ప్రమాదం లేనిదే. కాలేయంలో ఒకచోట కొవ్వు పేరుకోవడం మామూలు, అందులోనూ పిత్తాశయం పక్కన. అలాంటి చోట బొట్లు సాధారణంగా పెద్దవి, కణాలు ఉండాల్సిన వరసలోనే ఉంటాయి. ఇక్కడ బొట్లు సన్నవి. కణాలు ఇరుకుగా, ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. అయినా అది చాలదు. నేను స్లైడుని నెమ్మదిగా జరుపుతూ రెండు వైపులూ కలిసే సరిహద్దు దగ్గరికి వచ్చాను.

కాలేయం లోపల రక్తనాళాలూ పైత్యరసం వెళ్ళే గొట్టాలూ కలిసి నడిచే దారులుంటాయి. వాటి చుట్టూ నారలాంటి పదార్థం గట్టులా ఉంటుంది. కాలేయ కణాలు ఆ గట్టుకి ఇవతలే ఉండాలి, లోపలికి వెళ్ళే పని వాటికి లేదు. సరిహద్దు దగ్గర ఉన్న అలాంటి దారిలో, గట్టు లోపల, నాలుగైదు చోట్ల ఎర్ర బొట్లున్న కణాలు కనబడ్డాయి. గట్టు దాటి లోపలికి చొచ్చుకుపోతున్నాయి. మంచి కొవ్వు గట్టు దాటదు. దాటేది కాన్సరే.

కుర్చీలోంచి లేచి టెక్నీషియన్‌ని కూర్చోమన్నాను. ఆవిడ చాలాసేపు చూసింది. "ఎర్రగా ఉండబట్టి కనబడ్డాయి మేడమ్. లేకపోతే..." అని ఆగింది. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి. చలిపెట్టె వల్ల కాదు.

నేను ఈ విషయం పుస్తకాల్లో చదివాను, చెప్పాను కూడా. మామూలు కాలేయ కణం తనకి వచ్చిన కొవ్వులో కొంత వాడుకుని మిగతాది రక్తంలోకి పంపేస్తుంది. కాన్సర్ కణం ఆ పద్ధతి మార్చేస్తుంది. అది ఆగకుండా పెరగాలి, పెరగాలంటే కొత్త కణాలకి గోడలు కావాలి, కణం గోడలకి కొవ్వు కావాలి. వచ్చేది చాలక రక్తంలోని చక్కెర లాక్కుని సొంతంగా కొవ్వు తయారుచేసుకుంటుంది. కొంత వాడుతుంది, కొంత బొట్లుగా లోపల దాచుకుంటుంది. గడ్డ ఇంకా చిన్నగా ఉన్నప్పుడే ఇది ఎక్కువగా కనబడటం కద్దు. అందుకే స్కానులో మంచి మచ్చలా కనబడి మోసం చేస్తుంది. చదివింది ఇంత, కళ్ళ ముందు చూసింది ఆ రోజే.

మైనం ఎక్కించిన మిగతా సగం తరవాత చేతికొచ్చింది. అందులో ఆ కణాలు ఎర్రగా లేవు, కాస్త పాలిపోయినట్టున్నాయి. ఎక్కడ చూడాలో తెలుసు కాబట్టి గట్టు లోపల వాటిని పట్టుకోగలిగాను. తెలియకపోతే పట్టుకునేదాన్నని ఒట్టేసి చెప్పలేను. కణాల చుట్టూ ఉండే సన్నటి వలని చూపించే వెండి రంగు వేయించాను. వల చాలాచోట్ల తెగిపోయింది. ప్రత్యేక పరీక్షలకి విజయవాడ పంపితే అక్కడివాళ్ళూ అదే మాటన్నారు.

అవనిగడ్డ డాక్టరుకి ఫోన్ చేశాను. ఆయన కుర్రవాడు, మంచి చెయ్యి అని పేరు.

"కొవ్వే కదా మేడమ్?" అన్నారు ముందుగానే.

"కొవ్వే. కొవ్వున్న కాన్సర్."

ఆవిడ రక్తంలో కాన్సర్ గుర్తు కోసం చేసిన పరీక్ష మామూలుగా ఉందన్నారు, మనిషి బక్కగా ఉన్నా తిరుగుతూనే ఉందన్నారు. చిన్న గడ్డల్లో ఆ పరీక్ష చాలాసార్లు మామూలుగానే ఉంటుందని చెప్పి స్లైడు ఫొటోలు ఆయన ఫోన్‌కి పంపాను. చూసి మళ్ళీ చేశారు. "ఇది ఇంకా చిన్నది మేడమ్. ఇప్పుడు పెద్దాసుపత్రిలో చుట్టూ మంచి కాలేయంతో కలిపి తీసేస్తే బతుకుతుంది. కానీ ఆవిడ నా మాట వినట్లేదు. రాళ్ళు పోయాయి, నొప్పి పోయింది, ఇక కత్తి పెట్టనివ్వనంటోంది. తమ్ముడు అన్నం మానేసి కూర్చున్నాడు."

అప్పుడు నేను చేసిన పని నా సర్వీసులో అంతకుముందు చెయ్యలేదు. పేషంటుని చూడటానికి వెళ్ళాను. బందరులో బస్సెక్కి అవనిగడ్డలో దిగాను. ఎందుకు వెళ్తున్నానో దారిలో నాకే సరిగ్గా తెలియలేదు. మనుషులకి నచ్చజెప్పడం నాకు చేతకాదు. స్లైడులు ఎదురు మాట్లాడవు, అందుకే ఈ ఉద్యోగంలో నిలబడ్డాను.

ఆపరేషన్ కుట్లు మానీ మానకముందే ఆవిడ మార్కెట్లో కత్తిపీట ముందు కూర్చునుంది. సన్నగా, చెక్కినట్టు ఉంది. ఒంటి మీద చిటికెడు కొవ్వు లేదు. చేపలు కొయ్యడం పక్కావిడకి అప్పగించి, తాను బేరాలు మాత్రం చూస్తోంది. నేనెవరో తమ్ముడు చెప్పాడు.

"కూర్చోండమ్మా" అని ఒక ప్లాస్టిక్ స్టూలు తుడిచి వేసింది. "మా వోణ్ణి బాగా తిట్టారంట కదా."

"తిట్టాను. తిట్టాల్సిన పనే చేశాడు."

"మందు వాసనొస్తే నేనైనా పారబోసేదాన్నే" అంది నవ్వుతూ. తరవాత నవ్వు ఆపి, "నాకేం లేదమ్మా. కొవ్వంట. కాలవ గట్టు మీద నాలుగు రోజులు నడిస్తే అదే కరిగిపోద్ది" అంది.

"నీ ఒంట్లో కొవ్వెక్కడుందమ్మా?" అన్నాను.

ఆవిడ తన చేతులవైపు చూసుకుంది. నేను ఫోన్‌లో స్లైడు ఫొటో తీసి చూపించాను. శుభ్రంగా ఉన్న కాలేయం చూపించి ఇది నీది అన్నాను. ఎర్ర బొట్లు చూపించి ఇవి నీవి కావు అన్నాను. నువ్వు తిన్నదాంట్లోంచి వచ్చిన కొవ్వు కాదు, నీ రక్తంలో చక్కెర లాక్కుని ఆ కణాలు వాటికవే చేసుకుంటున్న కొవ్వు అన్నాను. గట్టు దాటిన చోటు పెద్దది చేసి చూపించాను.

ఆవిడ ఫోన్ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసింది. బేరానికి వచ్చినామెని తరవాత రమ్మంది. "అంటే నా ఇంట్లో, నా బియ్యంతో, నాకు తెలీకుండా వేరే పొయ్యి పెట్టుకున్నారు" అంది.

"అంతే."

"తీసేస్తే పోద్దా?"

ఇక్కడ అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేదు. "ఇప్పుడు చిన్నది. ఇప్పుడు తీస్తే పోయే అవకాశం బాగా ఉంది. తరవాత వైరస్‌కి మాత్రలు వేసుకోవాలి, స్కానులు చేయించుకుంటూ ఉండాలి, మళ్ళీ రాకుండా చూసుకోవాలి. ఊరుకుంటే మాత్రం ఈ గట్టు దాటింది రేపు ఇంకో గట్టు దాటుతుంది."

ఆవిడ చేపల మీద నీళ్ళు చల్లింది. ఒకసారి, రెండోసారి. తమ్ముడివైపు చూసింది. అతను ఎటో చూస్తున్నాడు.

"ఒరేయ్, ముందు నువ్వు అన్నం తిను" అంది. "విజయవాడ ఎప్పుడు వెళ్ళాలో కనుక్కో."

స్టూలు మీదినుంచి లేస్తుంటే ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని ఆపి, ఇంతదూరం వచ్చారు, భోజనం చేసి వెళ్ళమంది. నేను చేపలు తిననని చెబితే, జాలిగా చూసింది.

విజయవాడలో ఆపరేషన్ చేశారు. తీసిన భాగం చుట్టూ అంచుల్లో కాన్సర్ లేదని రిపోర్టు వచ్చింది. ఆ రిపోర్టు తమ్ముడు మా ల్యాబుకి తెచ్చి, నా చేత చదివించుకుని, టెక్నీషియన్ చేత ఇంకోసారి చదివించుకున్నాడు. అతను వెళ్ళాక టెక్నీషియన్ కౌంటరు మీద కాగితం దగ్గరికెళ్ళి నిలబడింది. తీసేస్తుందేమో అనుకున్నాను. కింద ఇంకో వాక్యం చేర్చింది: ఫార్మలిన్ సీసా దారిలో ఎవరూ పారబోయరాదు. ఆవిడ చేసింది రైటు. ఇది చదివి మీలో ఎవరైనా ఐసు పెట్టెలు మొదలుపెడితే నేను గుడివాడ నుంచి వచ్చి మరీ తిడతాను. ఎండలో ఆ బస్సు ఇంకాస్త ఆలస్యమై ఉంటే ఆ ముక్క దేనికీ పనికొచ్చేది కాదు. అదృష్టం కలిసొచ్చింది, ఒప్పుకుంటాను. కానీ అదృష్టం కౌంటరు దగ్గరికొచ్చినప్పుడు వెనక్కి పంపకుండా ఉండటం మన చేతిలో ఉంది. కొవ్వు అన్న మాట చూడగానే హమ్మయ్య అనుకోకండి. ఎవరి కొవ్వు, ఎక్కడ దాచింది, గట్టు దాటిందా అని అడగండి. మిగతాది మీ కళ్ళు చూసుకుంటాయి.

నేను ఆ తరవాత రిటైరయ్యాను. ఐస్‌ఫ్రూట్ బండి పాడైతే యజమాని బాగు చేయించారని విన్నాను. ఆ చేపలావిడ స్కాను చేయించుకునే రోజులు నాకు తెలుసు. ఆ రోజు పొద్దుటినుంచి నాకు చేతులాడవు. ఇన్నేళ్ళు ఎన్నో రిపోర్టులు ఇచ్చి, ఆ కాగితం కోసం ఇంట్లో కూర్చుని ఎదురుచూడటం ఎలా ఉంటుందో నేను ఇప్పుడు నేర్చుకుంటున్నాను.

మొన్నటి స్కాను రోజు మధ్యాహ్నం దాకా ఫోను రాలేదు. ఉండబట్టలేక నేనే చేశాను. చాలాసేపు మోగాక ఎత్తింది. వెనకాల మార్కెట్టు హోరు, ఎవరో గట్టిగా బేరమాడుతున్నారు.

"అమ్మా, స్కాను ఒక రోజు ముందే, నిన్ననే అయిపోయింది. ఏమీ లేదంట, అంతా శుభ్రంగా ఉందంట. చెబుదామనుకున్నా, మర్చేపోయా."

"మర్చిపోయావా?" అన్నాను.

"పొద్దుటినుంచి ఊపిరాడట్లేదమ్మా, మంచి సరుకొచ్చింది. మళ్ళీ చేస్తాను, ఉంటానమ్మా" అని పెట్టేసింది.

ఆ రోజు ఆవిడ మళ్ళీ చెయ్యలేదు. నాకెంత సంతోషమైందో చెప్పలేను.